బాపు తడిపిన నేల

అరవై దాటిన నా బతుకులో ఎగుడుదిగుడు లేకుండా చక్కగా చదునైన జాగా ఏదైనా ఉందంటే అది నా నెత్తి ఒక్కటే. అందులోనూ నా కష్టం ఏమీ లేదు. వెంట్రుకలే మర్యాద తెలిసినవి కాబట్టి ఒకదాని వెనుక ఒకటి సెలవు తీసుకున్నాయి. చదువు సంగతీ అంతే. ఏడో తరగతి నడుమ నేను బడిని విడిచిపెడితే బడి నన్ను వెతుక్కుంటూ రాలేదు. మా లెక్కల సారు బజార్లో ఎదురైతే మొహం తిప్పుకునేవాడు, మళ్లీ వస్తానంటానేమోనని భయం. అటువంటి నేను పోయిన నెల మా పెరట్లో నిలబడి, కరీంనగర్ నుంచి వచ్చిన ఇద్దరు పనివాళ్లకు నేల ఎట్లా చదును చేయాలో పాఠం చెప్పబోయాను. వాళ్లలో పెద్దవాడు మూడు కాళ్ల మీద ఏదో యంత్రం నిలబెట్టి గోడ మీద ఎర్ర గీత వేస్తున్నాడు. "పెద్దాయన, జర పక్కకు జరుగు. మట్టం నీ బొజ్జ మీద పడుతున్నది" అన్నాడు. జరిగాను. పని జరిగే చోటి నుంచి జరగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఆ నేల చదును చేయిస్తున్నది ఒక చెక్క కొట్టం కోసం. మా ఇంటామె కమల పెరట్లో గులాబీలు, వంకాయలు, కాకరతీగ పెంచుతుంది. పారలు, కుండీలు, ఎరువు సంచులు, చుట్ట చుట్టిన నీళ్ల పైపు, ఇవన్నీ వానకు తడుస్తున్నాయని ఏడాదిగా గొణుగుతోంది. నాలుగు రేకులు వేయిస్తే పోతుంది కదా అన్నాను. "రేకులు నక్కో. కట్టెదే కావాలె" అన్నది. కమల సరిహద్దు ఊరైన ఇచ్చోడ పిల్ల, మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడి బిడ్డ. కోపం వచ్చినా, పట్టు పట్టినా ఆమె మాట సగం మరాఠీలోకి జారుతుంది. ఈసారి జారింది, కాబట్టి ఇక నేను మాట్లాడి లాభం లేదు. ఆ పట్టు ఎక్కడిదో కూడా నాకు తెలుసు. ఇదే పెరట్లో, ఇదే జాగాలో, మా చిన్నతనంలో ఒకసారి చెక్క కొట్టం లేచింది. దానికి కట్టె తెచ్చింది కమల తండ్రి, నేల చేసింది మా బాపు. ఆ కొట్టం ఒక్క వానాకాలం కూడా నిలవలేదు. కట్టె మంచిది కాదని మా వాడకట్టు అంతా అన్నది. కట్టె కాదు, నేల మంచిది కాదని మామ ఏండ్ల తరబడి అన్నాడు. ఆ పంచాయితీ మా పెండ్లితో పాటు మా ఇంట్లోకి కాపురానికి వచ్చింది. రొట్టె తుంచబోతే పొడిపొడిగా రాలిందనుకోండి, "ఇది మీ బాపు కట్టెనే" అనేవాడిని. అన్నం మెత్తబడితే "మీ బాపు నేల లెక్కనే ఉన్నది, తిను" అనేది ఆమె. చూసేవాళ్లకు అది ముచ్చట. మాకు మాత్రం నవ్వు అయిపోయాక ఆమె గిన్నెల దగ్గరికి, నేను వీధిలోకి.

పనివాళ్లు పైమట్టి తీస్తూ పోయారు. మోకాలి లోతు దిగాక పార చప్పుడు మారింది. అప్పటిదాకా ఎర్రగా, పొడిగా రాలుతూ వచ్చిన మట్టి ఒక్కసారిగా బూడిద రంగుకు తిరిగి పారకు వెన్నలాగా అంటుకుంది. ఎండలు ముదిరాయి, బోరు కూడా సగం గాలి సగం నీళ్లు పోస్తోంది, అయినా ఆ మట్టిలో తడి ఉంది. "పెద్దాయన, గిక్కడ ఎనుకట బాయి ఉండెనా?" అని అడిగాడు పెద్ద పనివాడు. "బాయి గాదు, మా బాపు ఉండె" అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. నా మాటకు ఎదుటివాడు నవ్వకపోతే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు. మెట్‌పల్లి బస్టాండు దగ్గర నా చాయ్ హోటల్ అన్నేండ్లు నడిచింది చాయ్ మీద కాదు, మాటల మీదనే. గోతిలోకి దిగి అరచేయి ఆనించాను. చల్లగా, నున్నగా, అలికిన మరునాటి నేలలాగే ఉంది. ఒక మూలకు గుండ్రంగా నల్లటి మరక కనబడింది. గుంజ పాతిన గుంత అది. వేళ్లు లోపలికి పోనిచ్చి అడుగు తడిమాను. వెనుక గడపలో నిలబడి చూస్తున్న కమల "కింద బండ ఉన్నదా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె లోపలికి పోయింది. గుంజ కింద బండ లేకపోవడం ఎంత పెద్ద సంగతో చెప్పాలంటే ఆ పాత కొట్టం కట్టిన ఎండాకాలానికి పోవాలి.

మాది సాలెవాడ. పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది గంజి వాసన. అవ్వ పొయ్యి మీద పెద్ద కాగులో నూక గంజి కాచి, గుడ్డలో వడగట్టి పెట్టేది. తెల్లవారేసరికి వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, చాపి, ఇద్దరు మనుషులు కుంచెలు పట్టుకుని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు గంజి పట్టించేవారు. ఆ వేళ వీధిలో నడవడానికి వీలుండేది కాదు. మా వాడ కుక్కలు కూడా పడుగును దాటేవి కావు, చుట్టు తిరిగి పోయేవి. ఎండెక్కేసరికి ప్రతి ఇంట్లోనూ మగ్గం మొదలు. పోగుల నడుమ పరుగెత్తే నాడె అటు కొట్టుకునే చప్పుడు, ఇటు కొట్టుకునే చప్పుడు. మా ఇంటి ముందర గదిలో నేలలో గుంత, గుంతలో కాళ్లు పెట్టుకుని బాపు. నాకు బుద్ధి తెలిసేదాకా మా బాపు నడుం దాకా మాత్రమే ఉన్న మనిషి అనుకున్నాను. పోగు తెగితే ఒంటి చేత్తో ముడి వేసేవాడు, రెండో చేయి నాడెను వదిలేది కాదు. కొత్త నూలు వస్తే ఒక పోగు తీసి కింది పెదవి మీద ఆనించి, కళ్లు మూసుకుని, "ఎండింది" అనో "మంచిగున్నది" అనో తీర్పు చెప్పేవాడు. మా అవ్వ చేసిన కూరకు కూడా అంత శ్రద్ధగా తీర్పు చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

నూలు పోగుకు తడి కావాలి. మా ఎండాకాలాల్లో గాలి పొయ్యి మీది పెనంలాగా ఉంటుంది, పొడిబారిన పోగు ముట్టుకుంటే తెగుతుంది. అందుకే సాలెవాళ్ల ఇంట్లో మగ్గం గది నేల వీధి కంటే లోతుగా ఉంటుంది. గోడలు మందం, కిటికీ చిన్నది, చూరు కిందికి. ఎండలు ముదిరితే నేల మీద నీళ్లు చల్లేవారు, కిటికీకి తడి బట్ట కట్టేవారు. కడవలో అడుగు నీళ్లు మిగిలితే ముందు నేలకు, తర్వాత మాకు. నేను దూప అని ఏడిస్తే అవ్వ "జరాగు కొడుకా, నేల తాగినంక తాగుదువు" అనేది. అదేదో పెద్ద మాటని మాకెవరికీ అనిపించేది కాదు. బర్రె ఉన్న ఇంట్లో ముందు బర్రెకు గడ్డి వేయరా, అట్లాగే.

ఆ మగ్గం గది అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు బాపు అన్నకు, మా పెద్దబాపుకు పోయింది. పెద్దవాడు కాబట్టి ముందర గది ఆయనది, చిన్నవాడు కాబట్టి వెనుక గదీ పెరడూ మాది. ఎవరూ కొట్లాడలేదు, ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. వెనుక గదిలో మగ్గం పట్టక, బాపు దాన్ని విప్పి దూలాలను వెనుక గోడకు ఆనించాడు. ఆ రోజు నుంచి ఆయన ఎవరి మగ్గం ఖాళీగా ఉంటే ఆ మగ్గం మీదికి పోయి నేసేవాడు. ఎవరికో జ్వరం వస్తే మాకు పని. వాడకట్టులో ఎవరికీ జ్వరం రాకపోతే మా ఇంట్లో మొహాలు వాడిపోయేవి. అదే కాలంలో వాడలోని మగవాళ్లు ఒకరొకరుగా మరాఠీ దిక్కున్న భివండి పోతున్నారు. అక్కడ కరెంటు మగ్గాలట. వానాకాలం పోగానే కూలీలను కుదిర్చే ముకద్దం వచ్చి మనుషులను పోగేసుకుని తీసుకుపోయేవాడు. పోయినవాళ్లు దసరాకు వచ్చేవారు, వచ్చినవాళ్లు దగ్గేవారు. బాపును చూసి ముకద్దం అప్పటికే ఒకసారి "ఏమయ్యా, వచ్చేటేడు నువ్వేనా?" అని నవ్వి పోయాడు. ఆ రాత్రి కూడు తినేటప్పుడు బాపు అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "పెరట్ల ఇంత కొట్టమేస్కొని మగ్గం నిలవెట్టుకుంటె నేనెక్కడికి పోతనే. నిలవడకుంటె మాత్రం పోవుడే." అవ్వ మరునాడే కొండగట్టు దేవుడికి మొక్కింది. కొట్టం నిలబడి, మగ్గం ఆడి, మనిషి ఇంటి పట్టున ఉంటే కాలినడకన వస్తానని.

కొట్టానికి కట్టె తెస్తానన్నది మామ. ఆయనా సాలెవాడే కానీ నేత విడిచి ఇచ్చోడలో కట్టె డిపోలో పనికి కుదిరాడు. అక్కడెవరో పాత ఇల్లు విప్పితే దాని టేకు గుంజలూ పలకలూ అడిగి పెట్టుకుని, లారీ మీద వేసుకుని, వాటి మీద తాను కూచుని వచ్చాడు. దిగగానే ఒక్కొక్క గుంజనూ వేలి మెటికతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. నేను నా నెత్తి ముందుకు పెడితే దాన్నీ కొట్టి విని, "అరే బాబా, ఇది లోపల బోలు" అన్నాడు. బాపు చాలా రోజుల తర్వాత ఆ మాటకు నవ్వాడు. నవ్వు అక్కడితో సరి. ఆ సాయంత్రమే నేల దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది.

మామ పెరడంతా తిరిగి చూసి అన్నాడు, "బావా, కట్టెకు నీళ్లంటె పడది. మొదలు నేల లేపాలె. మోకాలెత్తు మొరం మట్టి పోద్దాం, దిమ్మిసతోని మంచిగ గుద్దుదాం, ఒక్కొక్క గుంజ కింద ఒక్క బండ పెడదాం. గప్పుడు నీ కొట్టం నీ మనుమల దాక ఉంటది."

"మొరం పోస్తె నేలెండుతది. నేలెండితె పోగు తెగుతది. నేనేమన్న అండ్ల బర్రెను కట్టేస్తనా? మగ్గమేస్త."

"కొట్టమే నిలవడకుంటె మగ్గమెక్కడేస్తవ్, నెత్తి మీదనా?"

"మా తాత లోతులనే నేసిండు, మా నాయిన లోతులనే నేసిండు. లోతుకు పోతెనే నేల సల్లగుంటది. నేను మోకాలు లోతుకు తీస్త."

"మీ తాతకు చుట్టు ఇల్లుండె, ముందట అరుగుండె, మీద పెంకుండె. నీకేమున్నది? నాలుగు గుంజలు, ఆకాశం."

రొట్టెలు చేస్తున్న అవ్వ లోపలి నుంచి కేకేసింది. "పొలం ఒడ్డు పంచాయితీ పెట్టినట్టు పెట్టిండ్రు ఇద్దరు. తిన్నంక కొట్లాడుండ్రి, రొట్టె సల్లారుతున్నది." నేను ఊరుకోక "సగం లేపుదాం, సగం తవ్వుదాం. మామ మీద కూసుంటడు, బాపు కింద కూసుంటడు" అన్నాను. ఇద్దరూ ఒకేసారి నా మీదికి చేయెత్తారు. ఆ పేచీలో వాళ్లిద్దరూ ఒక్కటైన సందర్భం అదొక్కటే.

మామ ఒక చెంబెడు నీళ్లు తెచ్చి పెరటి గోడ దగ్గర పోశాడు. నీళ్లు పాములాగా మెలికలు తిరిగి బాపు గీత గీసిన జాగా నడుమకు వచ్చి ఆగాయి. "సూడు. నీళ్లకు తెలిసినంత నీకు తెల్వకపాయె" అన్నాడు. బాపు ఆ తడి మీద అరికాలు ఆనించి, "గందుకే గీ జాగ. తడి తనంతట తానే వస్తున్నది" అన్నాడు. తర్వాత మెల్లగా, "నేసేది నువ్వా, నేనా?" అని అడిగాడు. మామ చెంబు పక్కన పెట్టి, "బరోబర్. నేసేది నువ్వే" అని పలుగు అందుకున్నాడు. మామది పొరుగూరు, పైగా అక్క మొగుడి మాట. అంతకంటే ఏమనగలడు?

ఇప్పుడు తలుచుకుంటే ఆ తప్పు సాలెవాడు తప్ప ఇంకెవరూ చేయలేనిది. కాపువాడైతే వాలు చూసి జాగా మార్చేవాడు. మేస్త్రీ అయితే నవ్వేవాడు. బాపు పుట్టినప్పటి నుంచి వానను ఇంటి లోపలి నుంచి, గుంతలో కూచుని, గడప ఎత్తులోంచి చూసినవాడు. నీళ్లంటే ఆయన లెక్కలో చేత్తో చల్లేవి. పైనుంచి వచ్చి పడేవాటి సంగతి ఆయనకు తెలియదు.

ఆ ఎండాకాలమంతా నేల పనే. ముగ్గు పోసి, తాడు లాగి, గడ్డపారతో తవ్వారు. తవ్విన మట్టిని నేనూ అవ్వా గంపలతో మోసి గోడవారగా పోశాం. చెరువు నుంచి బంకమట్టి తెచ్చి, ఊక కలిపి, నీళ్లు పోసి తొక్కాం. కాళ్లను ఆ మట్టి పీల్చే చప్పుడు, ఊక గుచ్చుకునే దురద, ఎండకు లేచే పచ్చి వాసన, బాపు బీడీ పొగ, ఇవన్నీ కలిసి నాకు ఇప్పటికీ ఒకే వాసన. తొక్కిన మట్టిని పరిచి, దిమ్మిసతో గుద్ది, ఆవు పెండతో అలికి, ఎండకుండా దాని మీద తడి గోనెలు కప్పేవాడు బాపు. మామ వాటిని చూసి తల పట్టుకునేవాడు. నేల ఎండాలని ఒకరు, ఎండకూడదని ఒకరు. గుంజలు పాతే రోజు మామ ఎక్కడి నుంచో బండలు దొర్లించుకుని వచ్చాడు. బాపు వద్దన్నాడు. బండ వేడిని పట్టుకుని పక్క నేలను ఎండబెడుతుందట. ఆ బండలను అవ్వ బట్టలుతకడానికి వేసుకున్నది.

సాయంత్రం పూట బాపు ఒక నూలుపోగుల కుచ్చును నేల మీద పరిచి పోయేవాడు. తెల్లవారి లేచి, మొహం కూడా కడగకుండా, ఆ కుచ్చు తీసి పెదవికి ఆనించి, రెండు చేతులతో లాగి చూసేవాడు. మొదట్లో టపీమని తెగేది. ఇంకా నీళ్లు పోసేవాడు. ఒకనాడు పొద్దున లాగితే తెగలేదు. మళ్లీ లాగాడు, సాగింది కానీ తెగలేదు. బాపు మమ్మల్నందరినీ లేపి, ఆ పోగును ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి లాగమన్నాడు. "అయిందే, నేల తయారైంది" అని అవ్వతో అన్నాడు. నేల తయారైన మాట నిజమే. ఆ కొట్టం ఎట్లా కూలాలో కూడా ఆ పొద్దుననే తయారైంది. మాకెవరికీ తెలియదు, మామకు తప్ప. మామ ఆ పోగును లాగకుండానే తిరిగి ఇచ్చేసి బస్సు ఎక్కాడు.

కొట్టం లేచింది. గుంతలో కాళ్లు పెట్టుకుని బాపు మళ్లీ నడుం దాకా మనిషి అయ్యాడు. కొన్నాళ్లే, కానీ ఆ కొన్నాళ్లు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు. అవ్వ కొండగట్టు నడకకు మడతబెట్టిన చీర తీసి ఎండలో వేసింది. బయట ఎండ పేలుతుంటే కొట్టంలో మాత్రం కుండలో కూచున్నట్టు చల్లగా ఉండేది. పోగు తెగేది కాదు. వాడలోని వాళ్లు వచ్చి నేలను అరికాలితో తడిమి, "నేలంటె గిదిరా" అని పోయేవారు.

ముసురు పట్టిన నాడు పొద్దున్నించీ వానే. వరుసలోని ఇండ్ల చూరు నీళ్లన్నీ, పెరడ్ల నీళ్లన్నీ కలిసి మా పెరట్లోకి దిగాయి. బాపు మగ్గం మీదనే ఉన్నాడు. ముందు కాళ్ల కింద గుంతలో ఊట మొదలైంది. నేను చెంబుతో తోడుతున్నాను, అవ్వ చీపురుతో నెడుతోంది. తర్వాత గడప మీది నుంచి నీళ్లు కాల్వలాగా లోపలికి పడ్డాయి. "ఎల్లుండ్రి బయటికి! పడుగు పోతె పోయింది, మనిషి ఎల్లుండ్రి!" అని అవ్వ అరుస్తోంది. బాపు మోకాళ్ల దాకా, నడుం దాకా నీళ్లలో కూచుని, నేసిన బట్టను పైకి చుట్టుకుంటున్నాడు. అప్పుడు మూల గుంజ నిట్టూర్చినట్టు ఒక చప్పుడు చేసి కిందికి దిగింది. విరగలేదు. మెత్తబడ్డ నేలలోకి మెల్లగా, మనిషి మంచం మీద కూచున్నట్టు దిగిపోయింది. దాని వెనుక రెండోది. కొట్టం కల్లు తాగినవాడిలాగా ఒక పక్కకు ఒరిగింది. మగ్గం నాలుగు కాళ్లూ నాలుగు ఎత్తులకు పోయాయి. బాపు కత్తి తెమ్మన్నాడు. సాలెవాడు నడుమ పడుగు కోయడం నేను చూసింది అదొక్కసారే. కోసి, బయటికి వచ్చి, వానలో నిలబడ్డాడు. మేము చూస్తుండగానే కొట్టం ఒరిగి, ఒరిగి, ఆ నీళ్లలో పడుకున్నది.

వాన వెలిశాక వాడంతా వచ్చి చూసింది. నేలను తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. అది వాళ్ల ఇండ్లలో ఉన్న నేలే, వాళ్ల తాతలు కూచున్న నేలే. "కట్టె మంచిది గాదు, పాతిండ్ల కట్టె" అన్నాడొకడు. అందరూ అదే అన్నారు. కబురు తెలిసి మామ వచ్చాడు. పడ్డ గుంజలను ఒక్కొక్కదాన్నే మెటికతో కొట్టి విన్నాడు. ఒక్కదానికీ చీలిక లేదు, పురుగు లేదు. "అక్కా, కట్టె మోగుతనే ఉన్నది, ఇను" అన్నాడు అవ్వతో. బాపు అటు తిరిగి కూచుని "కట్టెనే" అన్నాడు. తమ్ముడికీ మొగుడికీ నడుమ అవ్వ కూచుని ఇద్దరికీ అన్నం వడ్డించింది. వాళ్లిద్దరూ కలిసి తిన్న చివరి అన్నం అదే. ముసుర్లు తగ్గగానే ముకద్దం వచ్చాడు. అవ్వ జొన్నరొట్టెలు బట్టలో కట్టి ఇచ్చింది. బాపు నాతో "మంచిగ సదువుకో" అని బస్సు ఎక్కాడు. ఆ దసరా లోపలే నేను చదువు మానేసి, మెట్‌పల్లిలో ఒక హోటల్లో కప్పులు కడగడానికి కుదిరాను. అవ్వ బీడీలు చుట్టడం నేర్చుకుంది. కొండగట్టుకు నడిచిపోవాల్సిన అవసరం రాలేదు. దేవుడికి ఇచ్చే మొక్కు మిగిలిపోయింది కదవ్వా అని నవ్వించబోతే, చుడుతున్న బీడీ చేతిలో నలిగిపోయింది, ఆమె నవ్వలేదు.

భివండిలో నిలబడి నేస్తారట. ఏడాదికొకసారి వచ్చే బాపుకు నడుం కింద కూడా మనిషి ఉన్నాడని అప్పుడు తెలిసింది. పైన ఉన్న మనిషే తగ్గిపోతూ వచ్చాడు. కరెంటు మగ్గాల మోతకు చెవులు పోయాయి. మెల్లగా అడిగితే వినబడదు, గట్టిగా అరిస్తే వాడంతా వింటుంది. అందువల్ల మేము ఆయనతో ముఖ్యమైన మాటలు మానేశాం. తిన్నవా, పడుకుంటవా, బస్సు ఎన్నింటికి, ఇంతే. దగ్గు వచ్చినప్పుడు మాత్రం వెనుక గడపలో కూచుని పెరడు దిక్కు చూసేవాడు. మా పెండ్లయిన కొన్నాళ్లకు ఆయన అక్కడే పోయాడు. కబురు మా దాకా వచ్చేసరికి అక్కడే దహనం అయిపోయింది. మామ ఆ వార్త విని ఇచ్చోడ నుంచి వచ్చి, అవ్వ పక్కన కూచుని, "బావ నేల మంచిగనే చేసిండక్కా" అని ఏడ్చాడు. అప్పటికి ఆ మాట వినాల్సినవాడు లేడు.

కరీంనగర్ పనివాళ్లు మధ్యాహ్నానికి ఆ బూడిద రంగు మట్టినంతా తవ్వి ట్రాక్టర్ ట్రాలీలో వేశారు. మేము ముగ్గురం ఒక ఎండాకాలమంతా తొక్కిన నేల ఒక్క ట్రాలీకి కూడా నిండలేదు. ఎక్కడ పోస్తారని అడిగితే, "ఎక్కడన్న గుంత ఉంటె పోస్తం" అన్నాడు డ్రైవర్. తర్వాత వాళ్లు గోతిలో నల్లటి ప్లాస్టిక్ పరిచారు, మొరం పోశారు, దాని మీద కంకర పోశారు, నేల అదిరేటట్టు ఒక యంత్రాన్ని అటూ ఇటూ తిప్పారు, గుంజలు వచ్చే చోట్ల సిమెంటు దిమ్మెలు పెట్టారు. మామ చెప్పినవే అన్నీ, ఒక్కటీ తగ్గకుండా. మరునాడు కొట్టం ముక్కలుగా వచ్చి, మరలు బిగించుకుని నిలబడింది. ఆ తర్వాత రెండు పెద్ద వానలు కూడా పడ్డాయి. నీళ్లు పక్క నుంచి కాల్వలోకి పోయాయి, కొట్టం కదలలేదు. లోపల పారలు, కుండీలు, ఎరువు సంచులు పొడిగా, హాయిగా ఉన్నాయి. నీళ్ల పైపు మేకుకు వేలాడుతూ పడుకుంది. ఒక మనిషిని ఊర్లో ఆపడానికి దొరకని నీడ ఒక పైపుకు దొరికింది. వీధిలోకి పోయి నిలబడ్డాను. ఏ ఇంట్లోనూ నాడె చప్పుడు లేదు. పడుగులు చాపిన చోట మోటార్ సైకిళ్లు ఉన్నాయి. లోతు గదులన్నీ పూడ్చి, మీద టైల్స్ వేసుకున్నారు. కుక్కలు ఎక్కడ పడితే అక్కడ వీధి దాటుతున్నాయి. ఈ వాడలో నేల గురించి రెండు మాటలు మాట్లాడగలిగిన మనిషి నేనొక్కడినే మిగిలాను. నాకు తెలిసిందీ తప్పు నేలే.

లోపలికి వచ్చేసరికి కమల కొట్టం ముందు కూచుని కాకరపాదుకు మట్టి ఎగదోస్తోంది. ఇన్నేండ్ల పంచాయితీ తెంపేద్దామని పక్కన కూచున్నాను. "కమలా, నువ్వు గెలిచినవ్. మీ బాపు కట్టెకేం కాలే, మా బాపు నేలే ముంచింది. గా పొద్దు మీ బాపు మాటిని ఇంత మొరం పోసి, నాలుగు బండలు పెట్టి ఉంటె, మా బాపు భివండి పోకుంటుండె" అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె తల ఎత్తలేదు, చేతిలోని మట్టి కూడా వదలలేదు.

"అయినా పోవుడే మీ బాపు. కొట్టం నిలవడితె మాత్రం, అండ్ల నేసింది ఎవలు కడుదురు? మన పెండ్లినాడు నీ ఒంటి మీద మిల్లు టెర్లిన్ అంగి, నా ఒంటి మీద నైలాన్ చీర."